తాపీ పట్టిన చెయ్యి, సంతకం పెట్టిన చెయ్యి

ప్రతి నెలా ఆఖరి ఆదివారం మా హేతువాద మిత్రులం కొందరం ఒకచోట చేరుతుంటాం. విశ్వకర్మ జయంతి అయిన పది రోజులకు చేరినప్పుడు మాటల్లో ఒక మిత్రుడు, దేవుణ్ణీ జాతకాల్నీ నమ్మనివాడు, కూతురి పెళ్ళి ముహూర్తం లేకుండా చేసినవాడు, ఇలా అన్నాడు: "ఎంత కాదన్నా పనితనం అనేది రక్తంలో రావాలండీ. రామప్ప గుడి కట్టినవాళ్ళు ఏ కాలేజీలో చదివారు?" చుట్టూ వున్నవాళ్ళు తలలూపారు. నేను ఏదో అనబోయి, సరిగ్గా చెప్పలేక, టీ తాగి ఇంటికొచ్చేశాను. ముప్ఫై ఏళ్ళకు పైగా ఇసుక, సిమెంటు, రాళ్ళ మధ్య తిరిగినవాణ్ణి. ఆ రోజు చెప్పలేకపోయింది ఇప్పుడు చెప్పే ప్రయత్నం చేస్తాను.

దేవుణ్ణి వదిలేసినా రక్తాన్ని వదల్లేకపోవడం మనలో చాలామందికి వున్న జబ్బే. పనితనం రక్తంలో వస్తుందనడం వినడానికి పొగడ్తలా వుంటుంది. కానీ రక్తంలో వచ్చేదానికి బడి అక్కర్లేదు కదా! బడి లేకపోతే పరీక్ష లేదు, పరీక్ష లేకపోతే పై మెట్టు లేదు. ఇల్లూ వంతెనా ఆనకట్టా కట్టే మనిషి మన దేశంలో చేరిన మెట్టు మీదే ఎందుకు ముసలివాడవుతున్నాడని వెతుక్కుంటూ పోతే, నాకు చివరికి తగిలింది ఈ నమ్మకమే.

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి. 1979లో డిప్లొమా చేతిలో పెట్టుకుని ఒక కాలువ పని మీద సూపర్‌వైజరుగా చేరాను. తూము కడుతున్నారు. నాకు ఇరవై రెండేళ్ళు. అక్కడి తాపీ మేస్త్రీకి నలభై అయిదు పైనే. నేను అతన్ని "నువ్వు" అనేవాణ్ణి, అతను నన్ను "బాబు గారూ" అనేవాడు. అందరూ అలాగే అనేవారు కాబట్టి నాకూ తప్పనిపించలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఎందుకంటే నాకు పని నేర్పింది అతనే.

తడి ఇసుక గుప్పెట్లో పట్టి నలిపి, వదిలేశాక అరచేతికి ఎంత మట్టి అంటిందో చూసి ఇసుక పనికొస్తుందో లేదో చెప్పడం అతని దగ్గరే చూశాను. గాలికి తూకపు గుండు వూగుతుంటే బకెట్లో నీళ్ళు పోసి గుండును అందులో ముంచితే నిలబడుతుందని అతనే చూపించాడు. కట్టిన గోడలో రాయిని తాపీ పిడితో కొట్టి, చప్పుడు బోలుగా వస్తే "లోపల మాలు కూర్చోలేదు బాబు గారూ" అని తనంతట తనే విప్పి మళ్ళీ కట్టేవాడు. నేను చదివిన పుస్తకంలో ఇవేవీ లేవనను. వున్నాయి. కానీ పుస్తకంలో చదివి నేను గోడను తట్టి చూడలేదు.

సాయంత్రం కొలతలు తీసి ఎం.బుక్కులో రాసి సంతకం పెట్టేది నేను. మస్టరు రోలులో వేలిముద్ర వేసేది అతను. రెండేళ్ళ తర్వాత అతన్ని వర్క్ ఇన్‌స్పెక్టరుగా తీసుకోమని పైకి రాశాను. పదో తరగతి పాసై వుండాలని జవాబొచ్చింది. ఆ పోస్టులోకి వచ్చిన కుర్రాడికి పదో తరగతీ వుంది, సర్టిఫికెట్టూ వుంది. "కొన్నాళ్ళు మేస్త్రీ పక్కన నిలబడి పని నేర్చుకోవయ్యా" అని ఆ కుర్రాడికి చెప్పిందీ నేనే!

ఇక రామప్ప దగ్గరికి వస్తాను. పాలంపేటలోని ఆ గుడి 1213 నాటిది. శాసనంలో వున్న పేరు కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడిది. శిల్పి పేరుగా జనం చెప్పుకునే రామప్ప, జనం నోట్లోనే బతికాడు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు మనమంతా గర్వపడ్డాం, పడాల్సిందే. కానీ అక్కడి శిఖరానికి వాడిన, నీళ్ళలో తేలే ఇటుకను తీసుకోండి. అది రక్తంలోంచి వచ్చిందా? మట్టిలో ఏమి కలపాలి, ఎంత కాల్చాలి అని ఎన్ని బట్టీలు పాడైతే అది కుదిరి వుంటుంది? దాన్ని ప్రయోగం అంటారు. తండ్రి కొడుక్కి చిన్నప్పటి నుంచీ పక్కన కూర్చోబెట్టుకుని నేర్పితే దాన్ని శిక్షణ అంటారు. కులవృత్తుల్లో వున్నది శిక్షణే, అదీ గట్టి శిక్షణ. కాకపోతే ఆ బడికి తలుపు ఒకటే, అది ఇంట్లోవాళ్ళకే తెరుచుకునేది. తలుపు మూసి వుండటం చూసి, లోపల బడి లేదనుకున్నాం, రక్తమే వుందనుకున్నాం.

ఈ దేశంలో బయటివాళ్ళకు తలుపు తీసిన మొదటి బడుల్లో ఒకటి మద్రాసులో 1794లో మైకేల్ టాపింగ్ అనే సర్వేయరు పెట్టించిన సర్వే స్కూలు. గిండీ ఇంజనీరింగు కాలేజీకి మూలం అదే. 1859కి అది సివిల్ ఇంజనీరింగు కాలేజీ అయింది. మొదట్లో ఎవరిని చేర్చుకున్నారో చూడండి. అనాథ శరణాలయంలోని పిల్లల్ని. యూరోపియన్ సైనికులకు పుట్టి దిక్కులేకుండా పోయిన పిల్లలు వాళ్ళు. కంపెనీకి భూమి కొలిచేవాళ్ళు చవగ్గా కావాలి, అంతకు మించిన ఉదారత ఏమీ లేదు. అయినా మన వాదనకు ఇంతకంటే మంచి సాక్ష్యం ఏముంటుంది? వంశవృత్తి అంటూ ఏదీ లేని పిల్లలకు గొలుసు పట్టడం, లెక్క కట్టడం, పటం గీయడం నేర్పితే వాళ్ళు దక్షిణదేశమంతా కొలిచారు.

ఇదే సమయానికి పని తెలిసినవాళ్ళు ఈ దేశంలో లేక కాదు. ఆర్థర్ కాటన్‌ను మన గోదావరి జిల్లాల వాళ్ళు దేవుణ్ణి చేసి కూర్చోబెట్టారు. విగ్రహాలకు దండలు వేస్తారు, స్నానమప్పుడు ఆయన పేరు కలుపుకుంటారు. (ఆయన చేసిన మేలును తక్కువ చేయడం లేదు, మొక్కులే కొంచెం ఎక్కువయ్యాయంటున్నాను.) కాని ఆ కాటనే తరవాతి కాలంలో నిజాయితీగా ఒక మాట ఒప్పుకున్నాడు. లోతు తెలియని ఇసుక మీద పునాది ఎలా నిలబెట్టాలో తాము నేర్చుకున్నది కావేరి మీది కల్లణై కట్టిన పాతకాలపు వాళ్ళ పని చూసేనని. కొల్లిడం మీద 1836 ప్రాంతంలో ఆయన కట్టిన ఆనకట్టలకూ, ఆ తరవాత 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరంలో కట్టిన ఆనకట్టకూ ఆ పాఠమే ఆధారం. అంటే ఇక్కడ గురువు కూలీ పక్షం, శిష్యుడు దొర. గురువు పేరేమిటో ఎవరికీ తెలియదు.

ధవళేశ్వరంలో మనవాళ్ళలో పేరు మిగిలింది ప్రధానంగా వీణెం వీరన్నది. కాటన్‌కు కుడిభుజంగా పనిచేసి, కూలీలను సమీకరించి, రాయ్‌బహదూర్ అనిపించుకున్నాడు. ఆయన సమర్థుడే. కానీ గమనించండి, పైకి రాగలిగినవాడు చదువూ ఇంగ్లీషూ లెక్కలూ వున్న కుటుంబం నుంచి వచ్చినవాడు. నదిలో దిగి రాయి పేర్చినవాళ్ళలోంచి ఒక్క పేరు కూడా మన దాకా రాలేదు.

అసలు కథ ఉత్తరాదిన, రూర్కీలో వుంది. 1837–38లో గంగా యమునల మధ్య దేశం కరువుతో అల్లాడింది. దాంతో ప్రోబీ కాట్లీ ప్రతిపాదించిన గంగ కాలువకు కదలిక వచ్చి 1842లో తవ్వకం మొదలైంది. 1854లో నీళ్ళు వదిలారు. రూర్కీ దగ్గర సోలానీ నది మీదుగా కాలువను దాటించడానికి కట్టిన అక్విడక్టు ఆ రోజుల్లో మహా పెద్ద పని. అంత పని చూసుకోవడానికి మనుషులు చాలలేదు. ఇంగ్లండు నుంచి తెప్పిస్తే ఖర్చు. అందుకని లెఫ్టినెంట్ గవర్నరు థామసన్ 1847లో అక్కడే కాలేజీ పెట్టించాడు. 1854లో దానికి ఆయన పేరే పెట్టారు.

ఆ కాలేజీ కట్టడం కంటే అందులో పెట్టిన తరగతులు చూడాలి. మూడు విభాగాలు. మొదటిది ఇంగ్లీషూ గణితమూ వచ్చిన యువకులకు, వీళ్ళు అసిస్టెంటు ఇంజనీరు అంతస్తుకు వెళ్ళేవాళ్ళు. రెండోది యూరోపియన్ సైనికులకు, వీళ్ళు ఓవర్సీర్లు. మూడోది దేశీయ కుర్రాళ్ళకు. వీళ్ళకు కొలవడం, మట్టాలు తీయడం, ప్లాను గీయడం నేర్పి కింది ఉద్యోగాలకు పంపేవారు. ఇటుక పేర్చేవాడికి, సున్నం గానుగ పట్టేవాడికి, రాయి చెక్కేవాడికి నాలుగో విభాగం ఏదీ లేదు. వాళ్ళకు నేర్పేదేముంది, వాళ్ళకు పుట్టుకతోనే వచ్చుకదా అనుకున్నారు. మన వర్ణవ్యవస్థకూ దొరల జాతి గర్వానికీ ఇంత బాగా పొత్తు కుదిరిన చోటు నాకు ఇంకోటి కనపడలేదు. దొరలకు పై మెట్లు, చదువుకున్న దేశీయులకు మధ్య మెట్లు, చేతిపనివాడికి నేల.

పి.డబ్ల్యు.డి.లో ఆ మెట్లకు పేర్లు కూడా పెట్టారు. ఇంజనీర్లు, అప్పర్ సబార్డినేట్లు, లోయర్ సబార్డినేట్లు. ఒక వర్గం నుంచి ఇంకో వర్గానికి దాటడం అరుదు. అది చాలదన్నట్టు 1870ల మొదట్లో ఇంగ్లండులోనే కూపర్స్ హిల్ అనే చోట భారతదేశం కోసం ఇంజనీర్లను తయారుచేసే కాలేజీ తెరిచారు. 1906లో మూసేసేదాకా పై ఉద్యోగాలకు దగ్గరి దారి అదే. రూర్కీలో 1873లో చదువు ముగించిన గంగారాం లాహోరులో గొప్ప భవనాలు కట్టాడు, సర్ అయ్యాడు. కలకత్తాలో రాజేంద్రనాథ్ ముఖర్జీ అనారోగ్యం వల్ల ఇంజనీరింగు చదువు పూర్తి చేయలేక, కాంట్రాక్టులోకి దిగి, విక్టోరియా మెమోరియల్ కట్టిన కంపెనీకి భాగస్వామి అయ్యాడు. ఇవన్నీ నిజమైన ఎదుగుదల కథలే. వీటిలో ఏ ఒక్కటీ తాపీతో మొదలైన కథ కాదు.

(తాపీ అనగానే మనవాళ్ళకు తాపీ ధర్మారావు గారు గుర్తుకు రావాలి. దేవాలయాల మీది బొమ్మల గురించి నదురూ బెదురూ లేకుండా రాసిన మనిషి. ఒక పనిముట్టు పేరు ఇంటిపేరై, ఆ ఇంటిపేరు హేతువాద సాహిత్యానికి ఎక్కడం నాకు భలే ముచ్చటగా వుంటుంది.)

మరి తాపీ పట్టినవాడు ఎదగాలంటే దారే లేదా? ఒకటుంది. "మేస్త్రీ" అన్న మాట పోర్చుగీసు వాళ్ళ "మెస్త్రె" నుంచి వచ్చింది. వాళ్ళ భాషలో ఆ మాటకు పనిలో ఆరితేరినవాడు అనీ అర్థమే, గురువు అనీ అర్థమే. మన దగ్గరికొచ్చాక దానికి మూడో అర్థం పుట్టింది, కూలీలను పోగుచేసి తెచ్చేవాడు అని. ఉత్తరాదిన అతనే జమాదారు, తూర్పున సర్దారు, మహారాష్ట్రలో ముకద్దం. పేరు ఏదైనా పని ఒకటే. చేత్తో గోడ కట్టేవాడు గోడ ఇంకా బాగా కట్టడం వల్ల పైకి రాడు, కట్టేవాళ్ళను పదిమందిని తన అదుపులో పెట్టుకోవడం వల్ల వస్తాడు. పైకి పోయే నిచ్చెన అంటూ వుంటే అది పక్కవాడి కూలీలోంచి పోతుంది.

దీనికి అంకెలు కావాలంటే 1982 ఢిల్లీ ఏషియాడ్ కేసు చూడండి. స్టేడియాలూ ఫ్లైవోవర్లూ హడావుడిగా కడుతున్నప్పుడు కూలీల పరిస్థితి మీద ప్రజాస్వామిక హక్కుల సంఘం వాళ్ళు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. కనీస కూలి రోజుకు 9 రూపాయల 25 పైసలు. అందులో రూపాయి జమాదారుకు పోయి మనిషి చేతికి 8 రూపాయల 25 పైసలు వచ్చేది. ఆడవాళ్ళకు 7 రూపాయలే ఇస్తున్నారన్న సంగతీ కోర్టు ముందుకొచ్చింది. కనీస కూలి కంటే తక్కువకు పని చేయించడం వెట్టిచాకిరీయేనని ఆ తీర్పు చెప్పింది. చాలా గొప్ప తీర్పు. కాని ఆ రూపాయి పుచ్చుకున్న జమాదారు కూడా ఒకప్పుడు తట్ట మోసినవాడే అయివుండొచ్చని ఆలోచించండి. అతనికి అందిన "ప్రమోషన్" అదొక్కటే.

మన దగ్గర దీనికి పెద్ద నిదర్శనం నాగార్జునసాగర్. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేశారు, 1967 ఆగస్టులో కాలువలకు నీళ్ళు వదిలారు. దాదాపు 124 మీటర్ల ఎత్తు డ్యాము, రాతికట్టుతో కట్టిన డ్యాముల్లో ప్రపంచంలోనే అతి పెద్దదిగా చెప్పుకుంటారు. కాంక్రీటు కాకుండా రాతికట్టు ఎందుకంటే, యంత్రాలు కొనడానికి విదేశీ డబ్బు కరువు, సిమెంటు కరువు, మనుషులకు మాత్రం కరువు లేదు. సర్వే కర్రల పరంజాల మీద చీమల బారుల్లాగా రాళ్ళు మోసుకెళ్ళే మనుషుల ఫొటోలు మీరు చూసేవుంటారు. చీఫ్ ఇంజనీరు మీర్ జాఫర్ అలీ పేరు మనకు తెలుసు, తెలియాలి కూడా. పన్నెండేళ్ళు అక్కడ రాయి మీద రాయి పెట్టినవాళ్ళు ఆ పన్నెండేళ్ళలో నేర్చుకున్నది ఏ కాగితం మీదా ఎక్కలేదు. అంత పెద్ద బడి ఆంధ్రదేశంలో మళ్ళీ నడవలేదు, ఒక్కరికీ సర్టిఫికెట్టు ఇవ్వకుండా మూసేశారు!

ఆ పనివాళ్ళలో వడ్డెర్లు వున్నారు. మట్టి పనీ రాతి పనీ వాళ్ళ కులవృత్తి అంటారు. సరే, రక్తం వాదనకు ఆ ఒక్క ఉదాహరణ ఇచ్చేద్దాం. మరి పాలమూరు వాళ్ళ మాటేమిటి? మహబూబ్‌నగర్ జిల్లా నుంచి దేశంలోని డ్యాములకూ కాలువలకూ వలసపోయినవాళ్ళలో ఎక్కువమంది మెట్టపొలం దున్నుకునే రైతులూ రైతుకూలీలూ. కులాలు రకరకాలు. కరువు తప్ప వాళ్ళందరినీ కలిపే వంశపారంపర్యం ఏదీ లేదు. ఒకటి రెండు తరాల్లో "పాలమూరు లేబర్" అన్న మాట దేశమంతటా కాంట్రాక్టర్ల నోట్లో ఒక కంపెనీ పేరులా అయిపోయింది. నాగలి పట్టిన చేతులు నేర్చుకుంటే డ్యాము పనీ వచ్చింది. ఆ తరవాత కరీంనగర్, నిజామాబాద్ రైతులు గల్ఫుకు పోయి సెంట్రింగూ రాడ్‌బెండింగూ నేర్చుకున్నారు. అక్కడి బాధలు వేరే కథ.

పాలమూరు కూలీకి కూడా పై మెట్టు ఒకటే, గుంపు మేస్త్రీ కావడం. గుంపు మేస్త్రీ పండగ ముందు ఊళ్ళోకి వచ్చి కుటుంబాలకు అడ్వాన్సులిస్తాడు. ఆ అప్పు తీరేదాకా నెలల తరబడి సైటులో. లెక్క చివర్లో చూస్తారు, లెక్క రాసేది అతనే. లెక్క చూడటం రాకపోవడమే ఈ ఏర్పాటుకు పునాదిరాయి. పనివాడికి నాలుగు లెక్కలూ నాలుగు అక్షరాలూ నేర్పితే ముందు పడిపోయేది ఆ గోడే. అందుకే ఎవరూ నేర్పలేదంటాను.

హేతువాదిని కాబట్టి ఇక్కడ బలి సంగతి వదలబుద్ధి కావడం లేదు. పెద్ద కట్టడం నిలబడాలంటే నరబలి కావాలన్న నమ్మకం మన ఉపఖండమంతా వుంది. 19వ శతాబ్దంలో హుగ్లీ మీద వంతెన కడుతుంటే స్తంభాల కింద పిల్లల తలలు పెడుతున్నారని పుకారు పుట్టింది. అది పాతకాలం అనుకోకండి. 2019లో బంగ్లాదేశ్‌లో పద్మా వంతెనకు తలలు కావాలట అన్న పుకారు లేచి, పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళని అనుమానించి అమాయకులను కొట్టి చంపారు. మన సైట్లలో ఇది ఇంకాస్త మెత్తగా వుంటుంది. పరంజా కూలి మనిషి పోతే "గంగమ్మ తీసుకుంది" అంటారు, ఒక మేకను కోస్తారు. నేను పనిచేసిన ఒక చోట అదే జరిగింది. పరంజా కట్టినవాడికి ఆ పని అంతకు నాలుగు రోజుల ముందు అప్పజెప్పారు, తాళ్ళు ఎక్కడ ముడివేయాలో ఎవరూ చూపించలేదు. మేక ఖర్చు పరంజా నేర్పించే ఖర్చు కంటే తక్కువ. కాంట్రాక్టర్లకు ఈ మూఢనమ్మకం మీద ఎందుకంత గౌరవమో అప్పుడు అర్థమైంది.

ఇక ఆడవాళ్ళు. నా సర్వీసు మొత్తంలో ఒక్క ఆడమనిషి చేతిలోనూ తాపీ చూడలేదు. తట్ట మోయడం, మాలు కలపడం, ఇటుకలు అందించడం, గోడ తడపడం. మగవాడు హెల్పరుగా చేరితే నాలుగేళ్ళకు మేస్త్రీ పక్కన చెయ్యి వేయనిస్తారు. ఆడది ముప్ఫై ఏళ్ళు తట్ట మోసి తట్టతోనే దిగిపోతుంది. అదేమిటని మా మేస్త్రీని అడిగితే, "ఆడోళ్ళకి గుండు మట్టం కుదరదు బాబు గారూ" అన్నాడు. గుండు పడేది భూమ్యాకర్షణ వల్ల, అది పట్టుకున్నది ఆడో మగో చూడదు కదా అని నేననలేదు, నాకూ అప్పుడు తట్టలేదు. జార్ఖండ్‌లో 2017–18 ప్రాంతంలో మరుగుదొడ్లు కట్టడానికి మేస్త్రీలు చాలకపోతే పల్లెటూళ్ళ ఆడవాళ్ళకు తాపీ పని నేర్పించారు. వేల మంది నేర్చుకున్నారు. "రాజ్‌మిస్త్రీ" అనే మాట పక్కన "రాణీ మిస్త్రీ" అనే మాట పుట్టింది. శతాబ్దాలుగా కుదరని గుండు, సర్కారుకు టార్గెట్టు పడేసరికి కుదిరింది!

స్వతంత్రం వచ్చాక ప్రభుత్వం ఏమీ చేయలేదనడం అన్యాయం. 1950లో ఐ.టి.ఐ.ల పథకం, 1961లో అప్రెంటిసుల చట్టం వచ్చాయి. కానీ అవి ముఖ్యంగా ఫ్యాక్టరీ గేటు దాటి లోపలికి వెళ్ళేవాళ్ళకు పనికొచ్చాయి. ఫిట్టరుకీ ఎలక్ట్రీషియనుకీ కూర్చున్న మర్యాద తాపీ పనికి కూర్చోలేదు. పైగా ఐ.టి.ఐ.లో చేరాలంటే కొన్నేళ్ళ స్కూలు చదువు వుండాలి, తట్ట మోసేవాడి కొడుకు సైటు నుంచి సైటుకు తిరుగుతూ ఆ చదువు ఎక్కడ చదువుతాడు? 1996లో నిర్మాణ కార్మికుల చట్టం, దాంతోపాటు కట్టడం ఖర్చు మీద సెస్సు వచ్చాయి. దాని అమలు సంగతి 2018 మార్చిలో సుప్రీంకోర్టు తేల్చింది. 37,400 కోట్లకు పైగా వసూలు చేసి, ఖర్చు పెట్టింది సుమారు 9,500 కోట్లు. ఆ ఖర్చులో లాప్‌టాప్‌లూ వాషింగ్‌మెషిన్లూ వుండటం చూసి కోర్టు విస్తుపోయింది. 2025 నవంబరులో కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చి పాత చట్టం వాటిలో కలిసిపోయింది, సెస్సు మాత్రం కొనసాగుతోంది.

1998లో హైదరాబాదులో నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ పెట్టారు. పల్లెల నుంచి వచ్చిన కుర్రాళ్ళకు అక్కడ తాపీ పని, రాడ్‌బెండింగు, ప్లంబింగు నేర్పడం చూసి నిజంగా సంతోషించినవాళ్ళలో నేనొకణ్ణి. రూర్కీలో లేని ఆ నాలుగో విభాగం నూట యాభై ఏళ్ళకు మన వూళ్ళో తెరుచుకుందనుకున్నాను. బడి వచ్చిందిగానీ నిచ్చెన రాలేదు. అక్కడ నేర్చుకున్న కుర్రాడు సైటుకు వెళితే మళ్ళీ గుంపు మేస్త్రీ కిందే. పదేళ్ళు బాగా పనిచేసినవాడు ఫోర్‌మన్ అవుతాడనీ, మరో పరీక్ష రాస్తే సూపర్‌వైజరు అవుతాడనీ ఏ రోడ్డు టెండరులోనూ రాసి వుండదు. పనిముట్టు పట్టినవాడికీ పెన్ను పట్టినవాడికీ మధ్య గోడ అలాగే వుంది.

2023 సెప్టెంబరు 17న, అంటే విశ్వకర్మ జయంతి నాడే, కేంద్రం పి.ఎం. విశ్వకర్మ పథకం ప్రారంభించింది. 18 వృత్తులు, అందులో తాపీ పని ఒకటి. అయిదు నుంచి ఏడు రోజుల ప్రాథమిక శిక్షణ, శిక్షణ రోజులకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15,000. డబ్బులు అక్కరకొస్తాయి, కాదనను. ఏ కులం వాళ్ళయినా దరఖాస్తు పెట్టుకోవచ్చని కూడా అంటున్నారు. కానీ పథకం మాటల్లోనే గురుశిష్య పరంపర, కుటుంబ వృత్తి అని వుంది. మా మిత్రుడు అన్న "రక్తం" ఇప్పుడు జి.వో.ల భాషలోకి ఎక్కిందన్నమాట. తాపీ పనివాడి కొడుకు తాపీ పనివాడిగానే బాగా బతకాలని దీవించడం వేరు, తాపీ పనివాడు ఇంజనీరు దాకా ఎక్కే మెట్లు కట్టడం వేరు. మొదటిదానికి పూజ చాలు.

మన పక్షం వాళ్ళ తప్పు కూడా చెప్పాలి. చదువొస్తే అన్నీ అవే వస్తాయని మనం ఉపన్యాసాలిచ్చాం. దాంతో సర్టిఫికెట్టు ఒక తాయెత్తులా తయారయింది. కట్టుకుంటే చాలు అన్నట్టు. ఇప్పటికే పని వచ్చినవాళ్ళ నైపుణ్యాన్ని పరీక్షించి గుర్తింపు ఇచ్చే పద్ధతి 2015 తరవాత బాగా వూపందుకుంది. ఆలోచన చాలా మంచిది, నా మేస్త్రీ లాంటి వాళ్ళకు 1981లో కావలసింది సరిగ్గా అదే. 2018లో అతని మనవడు నా దగ్గరికి వచ్చాడు. తాపీ పనే చేస్తున్నాడు. ప్లాస్టిక్ కవరులోంచి అలాంటి సర్టిఫికెట్టే తీసి చూపించాడు. ఫొటో, పేరు, తండ్రి పేరు, ముద్ర, అన్నీ పద్ధతిగా వున్నాయి. కాంట్రాక్టరుకు చూపించావా అని అడిగాను.

"చూపించాను సార్. మంచిదే, ఇంట్లో దాచుకో, రేపు పొద్దున్నే తాపీ తీసుకుని రా అన్నాడు."

"కూలి ఏమన్నా పెంచాడా?"

నవ్వాడు. తరవాత కొంచెం ఆగి, ఓపెన్ స్కూల్లో టెన్త్ కడితే వర్క్ ఇన్‌స్పెక్టరుకి తీసుకుంటారా సార్, మా తాత అప్పుడు దానికోసమే మీతో రాయించాడంట కదా, అని అడిగాడు. ఎన్నేళ్ళు నీకు అన్నాను. ముప్ఫై ఆరు అన్నాడు. లెక్క చూశాను. వయసు దాటిపోయింది.